నలభై ఒకటో పేజీ మీద నా అభ్యంతరం

మార్చి 2, సోమవారం

గ్రంథాలయంలో పుస్తకం తిరిగిచ్చేసి చల్లగా జారుకుందామనుకున్నాను. హెడ్మిస్ట్రెస్ గారు మెట్ల దగ్గరే పట్టేసుకున్నారు. ఆవిడ బడిలోంచి రిటైరై పదేళ్ళయింది గానీ, బడి ఆవిడలోంచి ఇంకా రిటైరవలేదు. ఇప్పుడు మా పాఠకుల సంఘాన్ని నడుపుతున్నారు. నడపడమంటే వరుసలో నిలబెట్టడం.

"నెలాఖరు శనివారం పాఠకుల అభిప్రాయం నువ్వే చెప్పాలి. పది నిమిషాలు," అంటూ చేతిలో ఒక నవల పెట్టారు.

గులాబీరంగు అట్ట. రెండు కప్పులు. వాటి ఆవిరి పైకి లేచి కలుసుకుని గుండె బొమ్మ అయింది. పేరు ఇక్కడ రాయడానికి నా కలానికే సిగ్గుగా ఉంది.

"మేడమ్, నేను ఇలాంటి ప్రేమ నవలలు చదవను కదా."

"తెలుసమ్మా. అందుకే నీకిస్తున్నాను. ఇప్పటికి పదకొండు మంది చదివారు, పదకొండు మందీ బాగుందన్నారు. ఒక్కరైనా బాగాలేదనకపోతే అది సభా, సన్మానమా?"

కిందటేడు కరువు మీద ఎనిమిది వందల పేజీల నవల గురించి నేను నలభై నిమిషాలు మాట్లాడాను. నలుగురు నిద్రపోయారు, ఇద్దరు ఏడ్చారు. ఆ ఏడ్చినవాళ్ళలో ఒకావిడ ఇంటికి ఆలస్యమైపోతోందని ఏడ్చిందట, తర్వాత తెలిసింది. అయినా సంఘంలో నాకంటూ ఒక పేరుంది. అది నిలబెట్టుకోవాలి.

బస్సులో ఆ అట్ట కనబడకుండా, మా కళ్ళజోళ్ళ షాపు సంచీలో పెట్టుకుని తెచ్చాను.

మార్చి 3

ఇరవై పేజీలు. హీరోకి కేకుల దుకాణం. హీరోయిన్ పశువుల డాక్టరు. కేకు తిని కుక్కకి కడుపు చెడితే వీళ్ళకి ప్రేమ పుట్టింది. చెత్త.

ఎనభై పేజీలు. ఇప్పటికీ చెత్తే.

మార్చి 4

పద్ధతి ప్రకారం వెళ్తున్నాను. నమ్మలేని చోటల్లా పెన్సిలుతో అంచున ఆశ్చర్యార్థకం. మామూలు అబద్ధానికి ఒకటి, మానవ స్వభావానికి విరుద్ధమైతే రెండు, రచయిత్రిని పిలిచి నిలదీయాల్సినవాటికి మూడు.

నలభై ఒకటో పేజీ: హీరోయిన్ తడుస్తుందేమోనని హీరో గంటసేపు బస్‌స్టాపులో గొడుగు పట్టుకుని నిలబడతాడు. ఆమె రాగానే గొడుగు చేతికిచ్చేసి తను తడుస్తూ నడిచిపోతాడు. నా అభ్యంతరం: ఆ గంటలో రెండో గొడుగు కొనొచ్చు కదా? అసలు ఏ మగవాడు గంటసేపు నిలబడతాడు? రెండు గుర్తులు.

నేను ఊరికే అనడం లేదు. ఇరవై రెండేళ్ళుగా ఒక మగవాడితో కాపురం చేస్తున్నాను. మా ఆయన తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు. కాటాలు తనిఖీ చేసి, తూకపు రాళ్ళకి ముద్ర వేసి వస్తాడు. మనిషి బంగారం. మాట మాత్రం బంగారం కంటే పొదుపు. ఇవాళ ఈయన మాట్లాడినవి: "టీ." "తాళం." "కరెంటు పోయింది." మూడోది నాకూ తెలుసు, చీకట్లోనే ఉన్నాను.

అమ్మాయి ఇంట్లో ఉన్నన్నాళ్ళూ తెలియలేదు. మా మాటలన్నీ దాని మీదుగా నడిచేవి. "మీ నాన్నని భోజనానికి రమ్మను." "మీ అమ్మకి ఆకలి లేదని చెప్పు." కిందటేడు అది హాస్టలుకి వెళ్ళింది. మధ్యలో వంతెన తీసేస్తే అటు ఒడ్డున ఆయన, ఇటు ఒడ్డున నేను.

బాధేం లేదు. ఇల్లు ప్రశాంతంగా ఉంది.

మార్చి 6

అరవై ఏడో పేజీలో హీరో ఆమెని "పిచ్చుకా" అని పిలుస్తాడు. ఆవిడ గుర్రాలకి సూదులు వేసే మనిషి! రెండు గుర్తులు.

ఎనభై ఎనిమిదిలో చెవి మీద పడ్డ వెంట్రుకని వేలితో వెనక్కి సర్దుతాడు. పేజీన్నర పట్టింది. నేను రోజుకి ముప్ఫైమంది చెవుల మీద కళ్ళజోళ్ళు సర్దుతాను. రెండు సెకన్లు చాలు.

నూట పన్నెండు: గిన్నెలు కడుగుతూ పాట. నూట ముప్ఫై: టిఫిన్ డబ్బాలో ప్రేమచీటీ. రెండొందల మూడు: నిండు సభలో లేచి నిలబడి, అందరి ముందూ ప్రేమ ప్రకటించడం. దీనికి మూడు గుర్తులు. పెన్సిలు ముక్కు విరిగింది.

పూర్తయింది. వాదనకి పట్టు రావాలంటే ఇంకోసారి చదవాలి.

మార్చి 9

పుస్తకం ఫ్రిజ్ మీద పెట్టాను, సోఫా కింద దొరికింది. నేనే పెట్టి ఉంటాను. వయసు మీద పడుతోంది.

మార్చి 11, బుధవారం

ఇవాళొక వింత.

ఆరింటికి షాపు మూసి బయటికొస్తే ఎదురుగా బస్‌స్టాపులో మా ఆయన. చేతిలో గొడుగు, అదీ విప్పి. ఆకాశం తుడిచిన అద్దంలా ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఆయనకి కాస్త ఎడంగా నిలబడ్డారు.

"ఏమిటండీ ఇది?"

"గొడుగు."

"వానేదీ?"

తలెత్తి చూశాడు. నిదానంగా, నాలుగు దిక్కులూ. "లేదు."

"మరి?"

"రావచ్చు."

గొడుగు నా చేతిలో పెట్టి గబగబా నడిచి వెళ్ళిపోయాడు. ఆ నిమిషంలోనే బస్సొచ్చింది. పిలిచాను, వెనక్కి తిరగలేదు. నేను హాయిగా కూర్చుని ఇంటికొచ్చాను. ముప్పావు గంట తర్వాత ఈయన వచ్చాడు, తల నుంచి కాళ్ళ దాకా తడిసి ముద్దయి. చెమటతో.

ఆఫీసులో ఏదో ఒత్తిడి ఉండి ఉంటుంది.

మార్చి 14

పొద్దున్న కూరగాయలు తరుగుతుంటే వెనకనించి, "పిచ్చుకా," అన్నాడు.

కిటికీ వైపు చూశాను. "ఏదీ?"

"ఏమిటి?"

"పిచ్చుక."

"ఎక్కడ?"

"మీరే కదండీ అన్నారు!"

కాసేపు గుమ్మంలో నిలబడి, "ఎగిరిపోయింది," అని వెళ్ళిపోయాడు. నేను మాత్రం పది నిమిషాలు కిటికీ దగ్గరే నిలబడ్డాను. ఈ వీధిలో పిచ్చుకలు కనబడి ఏళ్ళయింది మరి.

మార్చి 16

మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలో, చెంచా కింద, నాలుగు మడతలు పెట్టిన చీటీ. ఈయన దస్తూరీ. "మూత గట్టిగా ఉంది. జాగ్రత్త."

చీటీ చూడాలంటే ముందు మూత తీయాలి కదా! షాపులో అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. చెత్తబుట్ట దూరంగా ఉండటంతో చీటీ పర్సులో పెట్టుకున్నాను.

మార్చి 18

వంటింట్లో ఉన్నట్టుండి చెయ్యి నా చెవి దాకా తెచ్చాడు. నేను ఉలిక్కిపడి తల తిప్పాను. కళ్ళజోడు ఎగిరి గచ్చు మీద పడింది. కుడి అద్దం రెండు ముక్కలు.

"పురుగా?"

"ఆ. పురుగు."

"ఏ పురుగు?"

"చిన్నది."

కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తూ పగిలిన అద్దంతో డ్యూటీకెళ్ళాను. చెరువు గట్టున దాహంతో చచ్చినట్టుంది నా బతుకు.

మార్చి 19

ఈయనకి రక్తపరీక్ష చేయించాలి.

మార్చి 21, శనివారం

గిన్నెలు కడుగుతుంటే తుండుగుడ్డ పట్టుకుని పక్కన నిలబడ్డాడు. కడిగినవి అందుకుని తుడవడం మొదలెట్టాడు. తుడిచి, వెలుతురుకి ఎత్తి చూసి, మరక ఉంటే వెనక్కి పంపిస్తున్నాడు. అలవాటైన ఉద్యోగం కదా.

అంతలో ఎక్కణ్ణించో గురగురమని మోత. కుళాయి అనుకుని కట్టేశాను. ఆగలేదు. పై అంతస్తు ఆవిడ మెట్లు దిగొచ్చి, "మీ మోటారు పాడైనట్టుంది, చూసుకోండి," అంది. ఆవిడ వెళ్ళాక మోతా ఆగిపోయింది. ఈయన చెవులు ఎర్రగా ఉన్నాయి.

తర్వాత అడిగాడు: "ఇవాళ షాపుకి ఎవరొచ్చారు?"

ఇరవై రెండేళ్ళలో ఈ ప్రశ్న నేను వినలేదు. ఎవరొచ్చారో వెంటనే గుర్తు కూడా రాలేదు. తర్వాత ఆ ముసలాయన సంగతి చెప్పాను. గోడ మీది అక్షరాల పట్టికంతా బట్టీపట్టి వచ్చి, కళ్ళు మూసుకునే గడగడా అప్పజెప్పాడు, కళ్ళజోడు తప్పించుకోవాలని. నేను పట్టిక మార్చేశాను. ఆయన పాతదే చెప్పాడు. ఈయన నవ్వాడు. గట్టిగా, పళ్ళు కనిపించేలా. కింద వరసలో ఒక పన్ను కట్టించుకున్నాడు. ఎప్పుడు కట్టించుకున్నాడో నాకు తెలియదు.

తుడిచిన పళ్ళాన్నే మళ్ళీ మళ్ళీ తుడుస్తూ అలా విన్నాడు.

నవలకి సంబంధం లేని విషయం. ఎందుకు రాస్తున్నానో.

మార్చి 22

చెల్లెలికి ఫోన్లో చెప్పడం నాదే బుద్ధితక్కువ. దాని నోట్లో నువ్వుగింజ నానదు.

"బావగారు గిన్నెలు తుడిచారా? అయితే ఖాయం అక్కా. ఎవరో ఉన్నారు. తప్పు చేసిన మొగుడే గిన్నె ముట్టుకుంటాడు."

"నీ మొహం. ఆయన కాటా తప్ప మరో దాని వంక కన్నెత్తి చూడడు."

"కాటా పెట్టుకున్న ఆడవాళ్ళు లేరా ఏంటి?"

ఫోన్ పెట్టేశాను. సాయంత్రం ఈయన చొక్కా జేబులు వెతికాను. అనుమానంతో కాదు, ఉతకడానికి. మూడు చొక్కాలు వెతికాను. అందులో రెండు ఉతికినవే.

ఏమీ లేదు.

మార్చి 24

అభిప్రాయం రాయడం పూర్తయింది. ఆరు పేజీలు. మొదటి వాక్యం: "ఇలాంటి మగవాడు భూమ్మీద పుట్టలేదు, పుట్టడు, పుట్టినా కేకులమ్మడు." అద్దం ముందు చదువుకున్నాను. నాకే చప్పట్లు కొట్టాలనిపించింది.

నవల నాలుగోసారి చదువుతున్నాను. పేజీ నంబర్లు సరిచూసుకోవాలి కదా. కుక్కకి నయమైన చోట కంట్లో నలక పడింది.

మార్చి 27, శుక్రవారం

ఇవాళ్టి సంగతి ఎక్కణ్ణించి మొదలెట్టాలో తెలియడం లేదు.

ఇవాళ నాకు సెలవు. పదకొండింటికి ఈయన మార్కెట్లోంచి ఫోన్ చేశాడు. "తనిఖీ ప్యాడ్ ఇంట్లో మర్చిపోయాను. మూడో కాగితం మీద కాటా నంబరుంటుంది, చెప్పు."

తీసి చెప్పాను. "ఊఁ" అని పెట్టేశాడు. ప్యాడ్ మూయబోతే నాలుగో కాగితం కనబడింది. అదీ ఆఫీసు తనిఖీ పత్రమే. పైన వస్తువు అని ఉన్నచోట "నవల" అని రాసుంది. దాని కింద, "ఆమె గుర్తులు పెట్టుకున్న చోట్లు. నచ్చినవి." ఇక వరసగా, ముత్యాల్లాంటి దస్తూరీ:

పేజీ 41. గొడుగు. చేశాను. వాన సహకరించలేదు.

పేజీ 67. పిచ్చుక. చేశాను. కిటికీ వైపు చూసింది.

పేజీ 130. చీటీ. చేశాను. ఏం రాయాలో తోచక ఉన్న విషయం రాశాను.

పేజీ 88. వెంట్రుక. చేశాను. కళ్ళజోడు నష్టం. మళ్ళీ చేయరాదు.

పేజీ 112. గిన్నెలు సరిపోయాయి. పాట ప్రమాణానికి తక్కువ. కానీ ఇరవై ఆరు నిమిషాలు మాట్లాడింది.

పేజీ 203. సభలో లేచి చెప్పడం. మూడు గుర్తులు. అన్నిటికంటే ఇదే ఇష్టం. శనివారం.

ప్యాడ్ పట్టుకుని వంటింటి గచ్చు మీదే కూర్చున్నాను. ముందు నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వాను. ఇరవై ఆరు నిమిషాల దగ్గరికొచ్చేసరికి నవ్వు ఎటుపోయిందో తెలియదు.

ఆ గుర్తులు వెక్కిరింపులని ఈయనకి ఏ నోటితో చెప్పను? చెప్పకపోతే రేపు ముప్ఫైమందిలో లేచి నిలబడతాడు. "టీ", "తాళం" తప్ప రాని మనిషి! పైగా వేదిక మీద నా చేతిలో ఏముంటుంది? ఇలాంటి మగవాడు పుట్టలేదు, పుట్టడు!

సాయంత్రం ఈయన రాగానే మొదలెట్టాను. "రేపు సభకి మీరు రానక్కర్లేదండీ."

"వస్తాను."

"ఊరికే సోది. విసుగొస్తుంది."

"వస్తాను."

"కుర్చీలు గట్టిగా ఉంటాయి. మీకు నడుంనొప్పి."

"మొన్న వెళ్ళి కూర్చుని చూశాను. బాగానే ఉన్నాయి."

మార్చి 28, శనివారం

సభ అయింది. ఉన్నదున్నట్టు రాస్తాను.

ముప్ఫై ఒక్క మంది వచ్చారు. ఈయన మూడో వరస, నడవ పక్క కుర్చీ, లేవడానికి వీలుగా. ఇస్త్రీ చొక్కా. పై జేబులో మడతపెట్టిన కాగితం. అదేమిటో నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకి తెలియదు.

హెడ్మిస్ట్రెస్ గారు, "నిర్మొహమాటానికి మారుపేరు," అని నన్ను పరిచయం చేశారు. మైకు ముందు కాగితాలు విప్పాను. మొదటి వాక్యం వదిలేసి రెండో దాంతో మొదలెడదామనుకున్నాను. కళ్ళు మాట వినలేదు.

"ఇలాంటి మగవాడు భూమ్మీద పుట్టలేదు, పుట్టడు, పుట్టినా కేకులమ్మడు."

హాలంతా గొల్లున నవ్వింది. హెడ్మిస్ట్రెస్ గారు మొదట చప్పట్లు కొట్టారు. నేను మూడో వరస చూశాను. ఈయన నవ్వలేదు. జేబులోంచి కాగితం తీసి, పైనించి కిందికి ఒకసారి చదివాడు. లెక్క తప్పిన కాటాని చూసినట్టు చూశాడు. తప్పు కాటాదా, తనదా అని.

కాగితాలు మడిచేశాను.

"అని ఇరవై నాలుగో తారీఖున రాశాను. నిన్న కొత్త ఆధారాలు దొరికాయి. అందుకని నా అభ్యంతరాలు కొన్ని వెనక్కి తీసుకుంటున్నాను."

హెడ్మిస్ట్రెస్ గారి చప్పట్లు గాల్లోనే ఆగిపోయాయి.

"నలభై ఒకటో పేజీ. గొడుగు పట్టుకుని ఏ మగవాడూ గంటసేపు నిలబడడని రాశాను. తప్పు. నాకు తెలిసిన ఒకాయన నిలబడ్డాడు. అదీ వాన లేకుండా. వాన ఉంటే ఎవరైనా నిలబడతారు. అరవై ఏడో పేజీ. పిచ్చుకా అని పిలిస్తే పలకాల్సింది ఆమె. కిటికీ వైపు చూస్తే ఆ తప్పు పిలిచినవాడిది కాదు. నూట ముప్ఫై. చీటీలో కవిత్వం ఉండాల్సిన పనిలేదు. మూత గట్టిగా ఉందని చెప్పేవాడు ఉంటే చాలు. ఆ చీటీ... అలాంటి చీటీ ఎవరూ పారేయరు."

నీళ్ళు తాగాను.

"రెండొందల మూడో పేజీ మీద మాత్రం నా అభ్యంతరం అలాగే ఉంది. చెప్పాల్సింది ముందే చెప్పేసినవాళ్ళు సభలో లేవనక్కర్లేదు. కూర్చునే ఉండొచ్చు. హాయిగా. దయచేసి."

ఆ చివరి మాట మూడో వరసకేసి చూస్తూ అన్నాను. ఎవరికి అర్థం కావాలో వాళ్ళకి తప్ప అందరికీ అర్థమైంది. ఈయన లేచాడు.

"ప్రశ్నా?" అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు.

"కాదండీ. అభిప్రాయం."

"మీరెవరు?"

ఈయన ఆలోచించాడు. ఏం అడిగినా సరిగ్గా జవాబు చెప్పాలి కదా. "గొడుగాయన్ని."

ముప్ఫై తలలు ఒక్కసారి తిరిగాయి. వెనక వరసలో ఎవరో ఈల వేశారు. అంత పెద్ద లైబ్రరీలో ఈల! హెడ్మిస్ట్రెస్ గారు కళ్ళు తుడుచుకుంటున్నారు, నవ్వో ఏడుపో తెలియలేదు. నేనైతే మైకు కాడ పట్టుకుని, నేల విచ్చుకుంటుందేమోనని చూస్తున్నాను.

"నేను చదివిన మొదటి నవల ఇదే," అన్నాడు ఈయన. కాగితం చూడకుండానే. "మూడుసార్లు చదివాను. ఆ కేకులవాడు చేసినవన్నీ సులువే. ఎవరైనా చేయొచ్చు. కానీ వాడు ఆమెతో రోజూ మాట్లాడతాడు. ప్రతి పేజీలో. అదెలా చేస్తాడో రాయలేదు. అది రాసి ఉంటే బాగుండేది."

కూర్చున్నాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. హెడ్మిస్ట్రెస్ గారు, "ఇవాళ్టికి అభిప్రాయం ఇదే అనుకుంటాను," అని మైకు ఆపేశారు.

బస్సులో పక్కపక్కనే కూర్చుని వచ్చాం. ఈయన, "పెద్దగా చెప్పానా?" అని అడిగాడు. "మైకు లేకుండానే వినబడింది," అన్నాను.

మార్చి 29, ఆదివారం

పొద్దున్నే చెల్లెలి ఫోను. సంగతి దాని దాకా ఎలా వెళ్ళిందో! "అక్కా, బావగారు సభలో లేచి..." పెట్టేశాను.

టీ తాగుతూ ఈయన అడిగాడు. "ఆ గుర్తులు నచ్చినందుకు కాదన్నమాట."

అబద్ధం చెప్పొచ్చు. కానీ దొంగ తూకం పట్టే మనిషి ముందు అబద్ధం ఎలా నిలుస్తుంది? "కాదండీ. వెక్కిరింపుకి పెట్టాను."

తలాడించాడు. "మూడు గుర్తులంటే?"

"బాగా వెక్కిరింపు."

కప్పు కింద పెట్టి నవ్వడం మొదలెట్టాడు. ఆపి, గొడుగు గుర్తొచ్చినట్టుంది, మళ్ళీ నవ్వాడు. నేనూ నవ్వాను. ఇద్దరం అలా నవ్వుతుంటే అమ్మాయి హాస్టల్నించి ఫోన్ చేసి, టీవీ సౌండు తగ్గించమంది.

"మరి నీకు నచ్చిందేది?" అన్నాడు తర్వాత. "గుర్తు పెట్టనిది."

"నూట యాభై ఆరో పేజీ."

లేచి పుస్తకం తెచ్చి, నిలబడే చదివాడు. "ఇందులో ఏమీ లేదు. దుకాణం తలుపుకి ఏ రంగు వేయాలా అని ఇద్దరూ పోట్లాడుకుంటారు. అంతే."

"అదే."

ఇంకోసారి చదివాడు. తలెత్తి మా వీధి తలుపు వంక చూశాడు. "మనదీ పెచ్చులూడుతోంది. ఆకుపచ్చ వేయిద్దాం."

"ఆకుపచ్చేంటండీ, బస్‌స్టాండు మూత్రశాలలాగా!"

"మురికి కనబడదు."

"మురికి దాచడానికి రంగేస్తారా ఎవరైనా? నీలం వేయిద్దాం."

"నీలం ఎండకి వెలిసిపోతుంది. నేను రోజూ దుకాణాల తలుపులే చూస్తాను, నాకు తెలుసు."

"నేను రోజూ రంగుల ఫ్రేములే చూస్తాను, నాకూ తెలుసు!"

మధ్యాహ్నమైంది. వంట కాలేదు. మధ్యలో టీ తాగడానికి లేచాడు కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాసుకోగలిగాను. అదిగో, "ఇదిగో విను, ఇంకో పాయింటుంది," అంటూ వస్తున్నాడు.